జతగాడు వేరే పడవలో

మావాడి ఫోటో నా ఫోనులో మొదటిసారి కనబడిన ఆదివారం దాన్ని ఆరుసార్లు తెరిచి చూశాను. నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, రెండు కొసలకూ రెక్కలున్న తెడ్డు పట్టుకుని, సన్నటి పొడుగాటి పడవలో కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడి వెనక సీట్లో ఇంకో మనిషి. నాకు తెలియనివాడు. అతనూ నవ్వుతున్నాడు. అంతకు ముందురోజు మావాడు నాతో ఫోనులో చెప్పింది మాత్రం, "ఈ ఆదివారం పని ఉండాదిరా, వచ్చే వారం సూద్దాం" అని.

మావాడంటే పాకాల దగ్గర మా ఊళ్ళో నాతో పాటు పెరిగి, నాతో పాటు బడికి వచ్చి, ఇప్పుడు పాకాలలో మోటార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నవాడు. నేను తిరుపతిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇద్దరికీ యాభై దాటింది. ఇరవై ఏళ్ళుగా ఆదివారమైతే నేను రైలెక్కి పాకాల పోవడమో, వాడు తిరుపతి రావడమో జరుగుతూ వచ్చింది. కలిసి ఊడబొడిచేదేమీ లేదు. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతాం. నేను కాలేజీవాళ్ళను, వాడు గిరాకీలను తిట్టుకుంటాం. రైలొస్తే ఎక్కి ఇంటికి పోతాం. అలాంటిది వరసగా మూడు ఆదివారాలు వాడికి పని పడింది, మూడు ఆదివారాలూ నా ఫోనులో పడవలు కనబడ్డాయి. నాలుగో వారం నేనే ఫోన్ చేసి "నేనూ వస్తా" అన్నాను.

"నువ్వా? నీళ్ళలోకా?" అని నవ్వాడు.

"ఏం, నీళ్ళు నీ ఒక్కనికే రాసిచ్చినారా?"

"కోపమెందుకప్పా, రా. సలి ఉంటాది, స్వెట్టరు ఏసుకో" అన్నాడు. పిలవని పెళ్ళికి పోతున్నట్టు నాకు ముఖం వేడెక్కింది. అయినా పోవాలనే నిశ్చయించుకున్నాను.

ఆ తెలియని మనిషిది సత్యవేడు. తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు, కాపురం తిరుపతిలో. వాళ్ళింటి బోరు మోటారు కాలిపోతే ఎవరో చెప్పగా మావాడి దగ్గరికి తెచ్చాడట, అలా పరిచయం. నలభై లోపు మనిషి. గట్టి భుజాలు, నెమ్మది మాట. నాకు అప్పటికే నచ్చలేదు. ధనుర్మాసం చలిలో తెల్లవారకముందే కారేసుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు. కారు పైన రెండు పడవలు తాళ్ళతో బిగించి ఉన్నాయి. మావాడు ముందు సీట్లో ఉన్నాడు. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం ఎవరి కారెక్కినా వెనక సీట్లో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆ రోజు వెనక సీట్లో నాకు తోడు నాలుగు తెడ్లు, మూడు లైఫ్ జాకెట్లు, మా ఆవిడ కట్టిచ్చిన టిఫిన్ క్యారియరు.

కాళహస్తి దాటేదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. గాలి ఎటుంది, నీళ్ళు ఎంతున్నాయి, పోయినవారం చూసిన కొంగలు. "ఆ పొద్దు భలే పట్టుకున్నావన్నా, లేకుంటే పడవ తిరగబడేది" అంటాడు అతను. "నువ్వు ఎనక ఉండబట్టి గదా" అంటాడు మావాడు. పోయినవారం తిరుపతిలో చలికి జలుబు చేసి దుప్పటి కప్పుకుని పడుకున్నది నేను. ఒక్క ఫోన్ లేదు. అద్దంలోంచి సత్యవేడాయన నా వైపు చూసి, "సార్, మీకు ఈత వచ్చునా?" అని అడిగాడు. బావిలో నేర్చుకున్నానన్నాను. అది నిజమే. ముప్పై ఐదేళ్ళ క్రితం నేర్చుకున్నాననే మాట మింగేశాను.

తడకు ఇవతల ఏరుంది. ఒకప్పుడు అది వంకరలు తిరుగుతూ పోయేదట. వరదలకు పొలాలు మునుగుతున్నాయని దాన్ని తిన్నగా తవ్వి, రెండు పక్కలా ఎత్తుగా కట్టలు పోసి, రాళ్ళు పరిచారు. ఇప్పుడది ఏరూ కాదు, కాలువా కాదు. కార్తీకం వానల నీళ్ళు ఇంకా నిండుగా ఉన్నాయి. కట్ట మీద సర్కారుతుమ్మ, అంచుల్లో జమ్ము, అక్కడక్కడా గుర్రపుడెక్క తప్ప ఇంకేమీ లేదు. మంచులో అవతలి కట్ట సగం కనబడుతోంది. వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ మూడింటి గురించీ నాలుగు ముక్కలు చెబుదామని నోరు తెరిచాను. వాళ్ళిద్దరూ పడవలు దించడంలో ఉన్నారు.

రెండు పడవల్లో ఒకటి ఇద్దరు కూర్చునేది, ఒకటి ఒక్కరు కూర్చునేది. సత్యవేడాయన మర్యాదగానే అన్నాడు, "సార్, మీరు కొత్త గదా. పెద్ద దాంట్లో నాతో రాండి. అన్న చిన్నదాంట్లో వస్తాడు."

ఆ మాటకు సరే అని ఉంటే సరిపోయేది. "ఎందుకు, నేనొక్కణ్ణే పోతాలే" అన్నాను. అనేసి మావాడి వైపు చూశాను. వాడు "వద్దురా, నువ్వు నాతో రా" అంటాడని నా లెక్క. వాడు నా లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తూ, "వీడు మొండోడబ్బా, పోనీ. లోతు లేదు గదా ఈడ" అన్నాడు. సత్యవేడాయన చిన్న పడవను నీళ్ళలోకి నెట్టి పట్టుకున్నాడు. నేను ఎక్కాను. వాళ్ళిద్దరూ పెద్ద పడవలో, మావాడు ముందు, అతను వెనక, ఫోటోలో చూసినట్టే కూర్చున్నారు.

నా పడవ నేరుగా పోదు. కుడిచేత్తో ఒక్కటి గట్టిగా వేస్తే ఎడమవైపు తిరిగి గట్టు రాళ్ళకు ముక్కు పెడుతుంది. దాన్ని సరిచేస్తే అవతలి జమ్ములోకి దూరుతుంది. తెడ్డు నుంచి కారిన చల్లనీళ్ళు స్వెట్టరు చేతుల్లోంచి మోచేతుల దాకా వచ్చాయి. "తెడ్డును సూడొద్దు సార్, దూరంగా సూడండి" అని అతను అరిచి చెప్పాడు. దూరంగా చూస్తే కనబడేది వాళ్ళిద్దరే. వంకర్లున్న ఏరైతే ఏ మలుపులోనో కనుమరుగయ్యేవాళ్ళు, నా కళ్ళకు కాస్త విశ్రాంతి దొరికేది. ఆ తిన్నటి ఏట్లో అర మైలు ముందున్నా రెండు వీపులూ కనబడుతూనే ఉన్నాయి. రెండు తెడ్లూ ఒకేసారి లేచి ఒకేసారి మునుగుతున్నాయి. మావాడి ఒంట్లో అంత పొందిక ఉందని నాకు తెలియకుండా దాచుకున్నాడా అనిపించింది. మళ్ళీ నాకే తెలుసు, ఉందని. అందరికంటే ముందు నాకే తెలుసు.

అప్పుడే నీళ్ళ మీద వాళ్ళ గొంతులు వినబడ్డాయి.

"లాభం!" అన్నాడు మావాడు.

"రెండు!" అన్నాడు సత్యవేడాయన.

"మూడు!"

"నాలుగు!"

నేను తెడ్డు వేయడం ఆపేశాను. మాకు పదమూడేళ్ళప్పుడు, మా ఊరి వంకలో నీళ్ళు అడుగంటిన ఏడు, ఇసుకలో గుంత తవ్వి ఆ నీళ్ళను గూడతో పైనున్న మడులకు, మా మాటలో కయ్యలకు, తోడేవాళ్ళం. గూడంటే రేకుతో చేసిన వెడల్పాటి బుట్ట, రెండు పక్కలా తాళ్ళుంటాయి. గుంతకు ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు నిలబడి, తాళ్ళు పట్టి దాన్ని ముంచి, ఒక్క ఊపుతో పైకి విసరాలి. ఇద్దరి ఊపూ కలవకపోతే నీళ్ళు మడికి పోవు, మొలదాకా మన బట్టలే తడుస్తాయి. అందుకని లెక్క. కొలిచేటప్పుడూ తోడేటప్పుడూ మా వాళ్ళు ఒకటిని ఒకటి అనరు, లాభం అంటారు. వాడు లాభం అంటే నేను రెండు అనాలి, వాడు మూడంటే నేను నాలుగు. బేసి వాడిది, సరి నాది. ఇద్దరం అరుస్తూ రోజుకు వెయ్యి గూడలు వేసేవాళ్ళం.

ఆ రెండు నాది. ఇంకెవరైనా అనవచ్చునని నాకు ఎప్పుడూ తోచలేదు. మావాడు ఎంతమందితో టీ తాగినా, ఎంతమంది కార్లెక్కినా ఓర్చుకునేవాణ్ణేమో. సత్యవేడాయన నోట ఆ రెండు మాత్రం ఓర్చుకోలేకపోయాను. మంచు విడిపోయి ఎండొచ్చింది, చాలా అందంగా ఉందని తర్వాత వాళ్ళన్నారు. నాకేమీ అందం కనబడలేదు.

పన్నెండు గంటలప్పుడు ఒక తూము దగ్గర కట్ట చదునుగా ఉంటే ఆగాం. నేను చేరేసరికి వాళ్ళు అప్పటికే తువ్వాలు పరిచి కూర్చున్నారు. నా అరచేతులు ఎర్రగా కమిలి బొబ్బలెక్కాయి. మావాడికి ఇష్టమని చెప్పి మా ఆవిడతో దగ్గరుండి చెనిక్కాయ ఊరిబిండి చేయించాను. వేయించిన వేరుశెనగపప్పులూ ఎండుమిరపకాయలూ కలిపి రోట్లో నూరిన పచ్చడి అది, అన్నంలో కలుపుకుంటే వాడు మాట్లాడడు. నేను క్యారియరు మూత తీసేలోపే వాడు సత్యవేడాయన డబ్బాలోంచి పెరుగన్నం తీసుకుని తింటున్నాడు. "తైరుసాదంలో దానిమ్మ గింజలేసినారు సూడబ్బా, భలే ఉండాది" అని నాకే చూపించాడు. పెరుగన్నం అనకుండా తైరుసాదం అనడం కూడా నెలరోజుల్లో నేర్చుకున్నాడు.

సత్యవేడాయన మంచివాడు. ఆ విషయం నాకు అప్పుడూ తెలుసు, అదే నాకు ఇంకా కష్టం. నా చేతులు చూసి కొబ్బరినూనె తీసిచ్చాడు. నన్ను కూడా మాటల్లోకి లాగుదామని, "సార్, ఆ గూడ లెక్క అన్న నాకు నేర్పించినాడు. దాంతో తెడ్లు భలే కలుస్తాయి. మీరిద్దరూ సిన్నప్పుడు ఏసేటోళ్ళంట గదా" అన్నాడు.

"నేర్పించినాడా? అయితే జాగ్రత్త" అన్నాను. "వాని లెక్కలో ఎప్పుడూ ఒక నూరు తేడా ఉంటాది."

నవ్వుతూనే అన్నాను. నవ్వుతూ చెబితే అది ముచ్చట, కోపంగా చెబితే చాడీ. ఆ తేడా నాకు బాగా తెలుసు. నవ్వుతూనే మొత్తం చెప్పేశాను. గుంత రెండిళ్ళకూ కలిపి ఒక్కటే. పొద్దున మా మడికి అయిదు నూర్లు, తర్వాత వాళ్ళ మడికి అయిదు నూర్లు తోడాలని పెద్దవాళ్ళ ఒప్పందం. నూరు కాగానే మళ్ళీ లాభం నుంచి మొదలు. నూరుకొక గులకరాయి గట్టు మీద పెట్టడం వీడి పని. మా మడికి తోడేటప్పుడు రాళ్ళు సరిగ్గానే పెట్టేవాడు. వాళ్ళ మడికి తోడేటప్పుడు ఒక రాయి గట్టు మీద పెట్టినట్టు వంగి, గుప్పిట్లోనే ఉంచుకుని, నేను చూడలేదనుకుని గుంతలోకి జారవిడిచేవాడు. ఆరు నూర్లు తోడి అయిదని లెక్క చెప్పేవాడు. ఎండిపోతున్నది రెండు మడులూనూ. "నా చేతుల్తోనే మా నీళ్ళు వాళ్ళ కయ్యకు తోడించినాడు దొంగనాయాలు" అన్నాను, చివర్లో ఇంకా గట్టిగా నవ్వాను.

నాతో ఎవరూ నవ్వలేదు. సత్యవేడాయన తూము వైపు చూస్తూ కూర్చున్నాడు. మావాడు నా క్యారియరు దగ్గరికి జరిగి, అన్నంలో ఊరిబిండి కలుపుకుని, నెమ్మదిగా అంతా తిన్నాడు. "బాగుండాది. మా సెల్లెలికి సెప్పు" అన్నాడు. మా ఆవిడను వాడు చెల్లెలనే అంటాడు. చేయి కడుక్కుందామని ఏటి దగ్గరికి దిగి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

ఒక సంగతి చెప్పాలి. ఈ రాయి కథను దాచిపెట్టినందుకు ఇన్నేళ్ళూ నాకు నా మీద చాలా గౌరవం ఉండేది. వాడి తప్పు తెలిసీ వాణ్ణి వదల్లేదు, ఒక్కరి దగ్గరా నోరు జారలేదు, ఎంత పెద్దమనసు నాది అని ఒంటరిగా ఉన్నప్పుడు మురిసిపోయేవాణ్ణి. ఒక్కరి దగ్గరా అంటే మా నాయన దగ్గర తప్ప. చూసిన రోజే పరిగెత్తి పోయి నాయనకు చెప్పాను. నాయన ఎద్దులకు గడ్డి వేస్తూ, "నువ్వు తప్పు సూసింటావులే. పో, కాళ్ళు కడుక్కో" అన్నాడు. వాణ్ణి పట్టుకుని కొడతాడని ఎదురుచూసిన నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు, నెల రోజుల పరిచయస్తుడి ముందు, పెరుగన్నం మీద కోపంతో అది కక్కేశాను.

తిరుగు ప్రయాణం ఎదురునీళ్ళు. సత్యవేడాయన నా చేతులను చూపించి, "సార్, ఈ చేతుల్తో మీరు ఒంటిగా లాగలేరు. మీరు అన్నతో కూర్చోండి. చిన్నదాన్ని నేను తెస్తా" అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండా ఎక్కి ముందుకు పోయాడు. పొద్దుటి నుంచి నేను కోరుకున్న చోటు అలా నాకు దక్కింది. మావాడు నన్ను ముందు కూర్చోబెట్టి తను వెనక ఎక్కాడు. కాబట్టి నాకు వాడి ముఖం కనబడదు.

లాభం అంటాడేమోనని చూశాను. అనలేదు. లెక్క లేకపోవడంతో నా తెడ్డూ వాడి తెడ్డూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నేను ఆపితే వాడు వేస్తున్నాడు, నేను వేస్తే వాడు ఆపుతున్నాడు. సత్యవేడాయన చాలా దూరం పోయాడు. ఎండ నెత్తిన ఉన్నా నీళ్ళ మీద గాలి చల్లగా ఉంది. నాకు క్షమించమని అడగాలని లేదు. వాడు తిడితే బాగుండునని ఉంది. తిడితే అదొక లెక్క, మా ఇద్దరి మధ్య ఏదో ఉన్నట్టు.

"ఆ రాయి గుంతలో ఏసెయ్యమనింది మీ నాయనే" అన్నాడు వాడు వెనక నుంచి.

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. వాడే మళ్ళీ అందుకున్నాడు. "మా కయ్య గట్టు బొక్కలు పడి సగం నీళ్ళు కారిపోతా ఉన్నింది. మా నాయన ఆ ఏడు మంచాన ఉన్నాడు, గట్టు ఎయ్యలేడు, ఒకర్ని అడిగే మనిషీ కాదు. మీ నాయన నన్ను పక్కకు పిలిసి, 'నూరు గూడలు ఎక్కువ ఏసుకోరా, ఒక రాయి తక్కువ పెట్టు, ఎవురికీ తెలీదు' అనినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది.

వాడు నాలుగైదు తెడ్లు వేశాడు. "వద్దనినాడు. 'మావాడికి మాత్రం సెప్పొద్దు, వాడు ఓర్సుకోలేడు' అనినాడు."

నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను.

"నువ్వు పోయి ఆయనకు సెప్పినావే, అదీ నాకు తెలుసు. ఆ సాయంత్రమే సెప్పినాడు. 'వాడు సూసినాడు, ఇంకమీద జాగ్రత్తగా ఎయ్యి' అనినాడు. మర్నాడు మనిద్దరం మళ్ళీ గూడేసినాం గదా."

వేశాం. మర్నాడే కాదు, వంకలోకి నీళ్ళొచ్చేదాకా వేశాం. వాడికి అంతా తెలిసే నాకు ఎదురుగా నిలబడి లాభం అన్నాడు, నేను వాణ్ణి దొంగనుకుంటూ రెండు అన్నాను. మూడు వారాలుగా "పని ఉండాది" అని వాడు నాతో ఎందుకు చెబుతున్నాడో కూడా అప్పుడు తెలిసింది. మా నాయన చెప్పిన మాటను వాడు ఇప్పటికీ పాటిస్తున్నాడు.

నాకు మొదట సిగ్గు కలిగిందని రాస్తే బాగుంటుంది. అబద్ధమవుతుంది. మొదట కలిగింది మంట. మా నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. నా నాయన, నా ఇంట్లో నన్ను వదిలేసి, పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి గుట్టు చెప్పాడు. వాళ్ళిద్దరూ కలిసి నా గురించి మాట్లాడుకున్నారు. సత్యవేడాయన మీద పొద్దుటి నుంచి మోసుకొచ్చిన కోపమంతా ఒక్క క్షణంలో పోయి నాయన మీదికి మళ్ళింది, చచ్చిపోయిన మనిషి మీదికి. ఆ మంట ఒళ్ళంతా పాకుతుండగానే, నాయన నన్ను ఎంత సరిగ్గా చూశాడో అర్థమైంది. పదమూడేళ్ళప్పుడే చూశాడు. చూసి, నన్ను తిట్టకుండా, కాళ్ళు కడుక్కోమని పంపాడు.

"ఇవన్నీ తెలిసీ ఇన్నేళ్ళు నాతో ఎట్లున్నావురా?" అన్నాను.

"నువ్వు అట్లాంటోడివేనని తెలుసు గదా, ఇంకేముండాది" అన్నాడు వాడు. "తెడ్డు ఎయ్యి, ఎనక్కి పోతా ఉండాం."